ఇరవై నాలుగు నిమిషాల పొద్దు

భూమిని మనకు పరుపులా పరిచి, దాని మీద దారులు వేసి, ఏ దారిన పోయేవాడు ఎక్కడ అలసిపోతాడో ముందే ఎరిగి, ఆ అలసటకు తగిన సడలింపును కూడా దయచేసిన అల్లాహ్‌కే సర్వ స్తోత్రాలు. పొద్దును పొడిపించేది ఆయనే, ముంచేది ఆయనే. ఒక ఊళ్లో మునిగిన పొద్దును ఇంకో ఊళ్లో కాసేపు నిలిపి ఉంచేదీ ఆయనే. ఈ చివరి మాట నాకు ఇరవై ఏళ్లుగా పుస్తకాల్లో తెలుసు. మొన్న రంజాన్‌లో కళ్లారా చూశాను. ఆ ప్రయాణం సంగతి, ఇంకా విమానం ఎక్కనివాళ్ల కోసం రాస్తున్నాను.

ఎంత దూరం, ఎంతసేపు

ముంబైలో ఉంటున్న మా పిన్ని హుస్సేనమ్మకు గుండె ఆపరేషన్ గురువారం పొద్దున అని మంగళవారం కబురొచ్చింది. మా అమ్మ వాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దది మస్తానమ్మ పెద్దమ్మ, నడిమిది మా అమ్మ, చిన్నది పిన్ని. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఇక మిగిలింది వాళ్లిద్దరే. "ఆపరేషన్‌కి లోపల పెట్టకముందే నేను దాని మొహం చూడాలి" అని పెద్దమ్మ పట్టుబట్టింది. రైల్లో దాదాపు ఒక రోజు. పైగా టికెట్లు లేవు. బుధవారం సాయంత్రం గన్నవరం నుంచి విమానం ఉందన్నారు.

పెదనాన్న లేడు, పెద్దమ్మకు అందరూ ఆడపిల్లలే. మా ధర్మంలో స్త్రీ అంత దూరం వెళ్లాలంటే తోడుగా మగదిక్కు, దగ్గరి రక్తసంబంధం ఉన్నవాడు ఉండాలి. అలా చెల్లెలి కొడుకునైన నాకు ఆ భాగ్యం దక్కింది.

పర్చూరు పక్కన మా ఊళ్లో నాది పరుపులూ దిండ్లూ కుట్టే కొట్టు. సాయంత్రాలు మసీదులో పిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పుతాను, అప్పుడప్పుడు శుక్రవారం తెలుగులో నాలుగు మాటలు చెబుతాను. అందుకని ఎవరు ప్రయాణం కట్టినా "సైదులూ, మా ఊరికి ఎంత దూరం? నమాజు సగం చెయ్యొచ్చా?" అని నన్నే అడుగుతారు. మా పెద్దలు చెప్పిన లెక్కలో సుమారు డెబ్బై ఏడు కిలోమీటర్లు దాటి వెళ్లేవాడు ప్రయాణికుడు. నాలుగు రకాతుల, అంటే నాలుగు ఆవృతుల, నమాజు రెండు చేస్తే చాలు. రంజాన్ ఉపవాసం కూడా మానుకుని తర్వాత తీర్చుకోవచ్చు. ఈ దూరాల లెక్కలు నాకు కరతలామలకం. నిజం చెప్పాలంటే వాటి మీద కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ రోజు మసీదు అరుగు మీద ఫోన్లో చూసి చెప్పాను: గన్నవరం నుంచి ముంబైకి గాలిలో దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు, గంటా యాభై నిమిషాలు.

"అంతేనా!" అన్నాడు మా మసీదు వ్యవహారాలు చూసే ముత్తవల్లి. "పర్చూరు నుంచి గుంటూరుకి మన బస్సు పట్టే సేపేగా!"

మిరప కల్లాల మీదుగా

ఆ మాట ఎంత నిజమో మంగళవారం మధ్యాహ్నం బస్సెక్కాక తెలిసింది. గుంటూరులో మా బావమరిది ఇంట్లో రాత్రి ఉండి, మర్నాడు గన్నవరం వెళ్లాలని ఏర్పాటు. చిలకలూరిపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పత్తి చేలు ఖాళీ అయి, కట్టెల మీద అక్కడక్కడ ఏరగా మిగిలిన దూది వేలాడుతోంది. చేలల్లో కూలీలు మొహాలకు గుడ్డలు చుట్టుకుని కాయ కోస్తున్నారు. బస్సులోకి ఘాటు కొట్టి ఇద్దరు ముగ్గురు తుమ్మారు. పెద్దమ్మ తుమ్మలేదు. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

"పెద్దమ్మా, రేపు నీకు సడలింపు ఉంది" అన్నాను. "తెల్లారేసరికే మనం ప్రయాణంలో ఉంటాం కదా. రేపటి ఒక్కపొద్దు మానేసి పండగయ్యాక తీర్చుకోవచ్చు. అరవై అయిదేళ్ల మనిషివి, విమానం కొత్త, బీపీ మాత్ర ఉంది."

"నేనడిగానా?"

"అడగడమేంటి, అల్లాహ్ ఇచ్చాడు."

"ఇచ్చినవాడికి తెలుసులే నేనెందుకు తీసుకోటల్లేదో" అంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అలా జరిగి జరిగి ముప్పై మూడేళ్లకు మళ్లీ అదే కాలానికి వస్తుంది. ముప్పై మూడేళ్ల కిందట రంజాన్ ఇలాగే మిరప కోతల్లో వచ్చింది. అప్పుడు పెద్దమ్మ, పదిహేడేళ్ల పిన్ని కలిసి కూలికి వెళ్లేవారు. ఎండ, ఘాటు, ఒక్కపొద్దు. పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. తొమ్మిది రోజులు చేలోనే నీళ్లు తాగేసింది.

"నేను తాగలేదురా మొదట. సాలులో కూలబడి ఏడుస్తన్నా. హుస్సేనమ్మే సత్తు చెంబుతో నీళ్లు తెచ్చింది. 'అల్లాకి తెలీదా అక్కా నీ దాహం? తాగు' అంది. అదేమో ముప్పై రోజుల్లో ఒక్కటి వదల్లేదు. సాయంత్రం ఇంటికొస్తే మా నాన్న అడిగేవాడు, ఇద్దరూ ఉన్నారా అని. నేను తల దించుకుంటే అది ఒక్కటే అనేది, 'అక్క నాకన్నా ఎక్కువ కోసింది నాన్నా ఇవాళ' అని. అబద్ధమూ ఆడలేదు, నన్ను బయటా పెట్టలేదు."

"ఆ తొమ్మిదీ తీర్చేశావుగా?"

"కార్తీకం చలిలో తీర్చా. అది తీర్చటం, ఉండటం కాదు. రంజాన్ మళ్లా మిరప కోతల్లోకి వచ్చేదాకా నన్ను బతికిస్తే ఒక్కటి కూడా వదలనని ఆ రోజే అనుకున్నా. ఇవాల్టికి పదమూడు అయినై. ఆపరేషన్‌కి ముందు దాని పక్కన కూర్చుని, 'చూడవే, ఈసారి ఒక్కటీ పోలేదు' అని చెప్పాలి. రేపు ఒక్కటి తగ్గిందనుకో, ఏం మొహం పెట్టుకుని చెప్పను? ఆ తర్వాత చెప్పేందుకు అది ఉంటదో లేదో."

నా డెబ్బై ఏడు కిలోమీటర్ల లెక్క మళ్లీ ఎత్తలేదు. గుంటూరు చేరడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అదే విమానమైతే ముంబై దాటిపోయేవాళ్లం.

గుంటూరు గంజి

గుంటూరు మసీదుల్లో రంజాన్ గంజి మా ఊరి గంజికన్నా చిక్కగా ఉంటుంది. పెసరపప్పు, కొత్తిమీర, మిరియాలు, కాస్త కైమా. గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లలో మతం చూడరు. పక్కవీధి కిరాణా కొట్టాయన కూతురు కూడా స్టీలు క్యారియర్ పట్టుకుని వరసలో నిలబడింది. ఖర్జూరాలు మా దగ్గరకన్నా కిలోకి నలభై రూపాయలు తక్కువ. రెండు రకాలు కొన్నాను.

మర్నాడు తెల్లవారుజామున సహరీలో పెద్దమ్మ పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, సంకల్పం చెప్పుకుంది. ఆమెతో పాటు నేనూ చెప్పుకున్నాను. బావమరిది వాళ్ల మసీదువారు అచ్చువేసిన సహరీ, ఇఫ్తార్ వేళల కార్డు నా చేతికిచ్చాడు. ఆ రోజు ఒక్కపొద్దు విడిచే ఇఫ్తార్ ఆరూ ఇరవై ఒకటికి. కార్డు చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాను. ఆ జాగ్రత్తే నన్ను ముంచుతుందని అప్పుడు తెలియదు.

గన్నవరం

మొదటి పొరపాటు కూడా నాదే. పిన్ని కోసం పెద్దమ్మ స్వయంగా దంచిన కిలో కారం నేను చేతిసంచిలో సర్దాను. తనిఖీ దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి, తెలుగు పిల్లే, సంచి ఆపేసింది.

"కారం లోపలికి తీసుకెళ్లకూడదమ్మా."

"ఏం, ఎవరి కంట్లో కొడతానని?"

"మీరు కొట్టరు అమ్మమ్మగారూ. రూలు."

"పోనీ నువ్వు తీసుకెళ్లి అన్నంలో కలుపుకో. మా చేలో కాయ."

"మేం తీసుకోకూడదండి" అని ఆ పిల్ల నవ్వలేక నవ్వాపుకోలేక అవస్థపడింది. కారం పొట్లం బుట్టలో పడింది. అన్నం పారబోసినట్టు చూసింది పెద్దమ్మ. "కత్తీ కారం ఒకటేనంట్రా వీళ్లకి!" అంది నాతో.

మా వెనక నిలబడ్డ పెద్దమనిషి పగలబడి నవ్వాడు. పేరు కోటేశ్వరరావు గారు, గుంటూరులో మిర్చి వ్యాపారం. "నా శాంపిల్ కాయలు పెద్ద పెట్టెలో కిందికి పంపించానండి. మొదటిసారి నాదీ ఇట్టాగే పోయింది" అన్నారు. తీరా చూస్తే మా వరసలోనే సీటు. పెద్దమ్మ కిటికీ దగ్గర ఎడమ వైపు, మధ్యలో నేను, చివర ఆయన. లోపల నీళ్ల సీసా డెబ్బై రూపాయలు. ఇఫ్తార్‌కు నీళ్లు కావాలి కదా అని కొన్నాను. ఆ ధరకు మా ఊళ్లో మూడు సీసాలొచ్చి పది రూపాయలు మిగులుతాయని పెద్దమ్మ విమానం కదిలేదాకా చెబుతూనే ఉంది.

పొద్దు వెంట

అయిదు గంటలకు లేచాం. కృష్ణ వెండి తీగలా కనబడి మాయమైంది. పెద్దమ్మ ఒక్కసారి నా మణికట్టు పట్టుకుని వదిలేసింది, అంతే. కూర్చున్నచోటే సాయంత్రపు అసర్ నమాజు రెండేసి రకాతులు చేసుకున్నాం. విమానంలో చల్లగాలికి ఆమె పెదవులు ఎండిపోయి, మొహం పాలిపోయింది. నాకు భయం మొదలైంది. వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. కోటేశ్వరరావు గారికీ మా వేళలు తెలుసు. ఆయన కొట్లో హమాలీలు సగం మంది మావాళ్లేనట.

"ఆరూ ఇరవై అయిందండి మాస్టారూ, సిద్ధం చేసుకోండి" అన్నారు.

ఖర్జూరాల డబ్బా తీశాను. జేబులోంచి కార్డు తీసి ఇంకోసారి చూశాను. ఇరవై ఒకటి. దువా చదివి, ఒక పండు నోట్లో వేసుకుని, ఇంకొకటి పెద్దమ్మ చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని నోటి దాకా తీసుకెళ్లలేదు. కిటికీ వైపు చూస్తోంది.

"పొద్దుందిగా రా."

"కార్డులో ఆరూ ఇరవై ఒకటి పెద్దమ్మా. టైమైంది. తిను, నీరసంగా ఉన్నావు."

"కార్డు ఎక్కడిది?"

"గుంటూరుది."

"మనం గుంటూర్లో ఉన్నామా?"

ఆమె తల పక్కకు జరుపుకుంది. కిటికీలోంచి చూశాను. మబ్బుల మీద జానెడు ఎత్తున, విమానం ముక్కుకు కాస్త ఎడమగా, పండిన మిరపకాయ రంగులో సూర్యుడు నిండుగా ఉన్నాడు. నేను ఖర్జూరం సగం మింగేశాను, సగం నోట్లో ఉంది.

పడమటికి పోయేవాడికి పగలు పొడుగవుతుందని నేను పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. ఎక్కడున్నవాడికి అక్కడి పొద్దే కొలత అని శుక్రవారం నిలబడి చెప్పినవాణ్ని. తొమ్మిది వందల కిలోమీటర్లకు నమాజు లెక్క కట్టాను, ఉపవాసం లెక్క కట్టాను. సూర్యుడి లెక్క మాత్రం గుంటూరులో వదిలేసి వచ్చాను. మిగతా సగం రుమాల్లోకి ఊసేశాను. ఏం లాభం. నా ఒక్కపొద్దు పోయింది.

కోటేశ్వరరావు గారు నా మొహం చూసి సంగతి గ్రహించారు. "బాధపడకండి. మా రేటూ అంతే. గుంటూరు రేటు ముంబై వాషీ మార్కెట్లో చెల్లదు" అన్నారు.

పెద్దమ్మ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. చేతిలో పండు అలాగే పట్టుకుని పొద్దును చూస్తూ కూర్చుంది. ఆ తర్వాతి సేపు నా జీవితంలో అంత పొడుగ్గా ఇంకెప్పుడూ గడవలేదు. మేం పొద్దు వెంట పరుగెడుతున్నాం, అది మాకు అందకుండా మునగకుండా ముందు నిలబడి ఉంది. ఆమె గొంతు తడి లేక రెండుసార్లు దగ్గింది. విమానపు అమ్మాయి వచ్చి "నీళ్లు ఇవ్వనా అమ్మా?" అని ఇంగ్లీషులో అడిగింది. పెద్దమ్మకు అర్థమై, చేత్తోనే వద్దంది. నాకు మాత్రం లోపల ఒకటే గుబులు: ఈమెకు ఏమైనా అయితే పిన్నికి ఏం చెప్పను? "ప్రయాణికురాలివి, వదిలెయ్యొచ్చు" అని అనబోయి, ఆ మాట అనే అర్హత కాసేపటి కిందటే మింగేశానని ఊరుకున్నాను.

విమానం దిగడం మొదలైంది. పొద్దు అంచు పొగమంచుకు తగిలింది, సగమైంది, చుక్కంత అయింది, పోయింది. "మునిగింది" అన్నాను.

"ఆగు" అంది. "రెక్క చివర ఎరుపు ఉంది."

ఆ ఎరుపు కూడా పోయి రెక్క బూడిదరంగుకు తిరిగాక, బిస్మిల్లా అని పండు నోట్లో పెట్టుకుంది. నేను సీసా మూత తీసి ఇచ్చాను. వాచీలో ఆరూ నలభై అయిదు. నా ఇఫ్తార్‌కూ ఆమె ఇఫ్తార్‌కూ నడుమ ఇరవై నాలుగు నిమిషాలు. కోటేశ్వరరావు గారు అప్పటిదాకా ముందున్న బిస్కట్ పొట్లం విప్పలేదని అప్పుడు గమనించాను.

"మీరేం అన్నయ్యా, తినలేదు?" అంది పెద్దమ్మ.

"మీరు అట్టా చూస్తుంటే నాకు నోరెట్టా ఆడుద్దమ్మా" అన్నారాయన. ఆమె ఆయన చేతిలో మూడు ఖర్జూరాలు పెట్టింది.

ఆసుపత్రి

ముంబైలో రంజాన్ వీధి మన గుంటూరు వీధికన్నా జిగేలుమంటుంది. గంజి లేదు. తరిగిన పండ్ల ముక్కలు, పకోడీలు, కైమా సమోసాలు. ఇరుకు రోడ్లలో మమ్మల్ని తీసుకెళ్లిన ఆటో డ్రైవరు, ఆపరేషన్ సంగతి విని, తన పొట్లంలోంచి రెండు సమోసాలు తీసి మాకిచ్చాడు. ఏ ఊరు అని అడిగాడు. గుంటూరు అంటే "మిర్చి!" అన్నాడు. ఆ ఒక్క మాటే మా ఇద్దరికీ ఉమ్మడి భాష. ఆకాశంలో తొమ్మిది వందల కిలోమీటర్లు గంటా యాభై నిమిషాలైతే, నేల మీద ఆసుపత్రి దాకా పద్నాలుగు కిలోమీటర్లు గంట పట్టింది.

పిన్ని మంచం మీద చిక్కిపోయి ఉంది. అక్కను చూడగానే చెయ్యి చాపింది. పెద్దమ్మ పక్కన కూర్చుంది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. ముప్పై మూడేళ్ల మాట, పద్నాలుగో ఒక్కపొద్దు, మోసుకుని వచ్చిన మాట.

పిన్ని ముందు ఏడ్చింది. "పద్నాలుగూ పోయినై అక్కా. పూటకు అయిదు మాత్రలు. డాక్టరు వద్దన్నాడు. పదిహేడేళ్లప్పుడు మిరప చేలో ఉన్నదాన్ని, ఇప్పుడు ఫ్యాను కింద పడుకుని ఒక్కటి ఉండలేకపోయా."

నర్సు మాత్రలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కపొద్దులు పోగొట్టింది అవేనన్నట్టు పిన్ని మొహం తిప్పుకుంది. పెద్దమ్మ గ్లాసులో నీళ్లు పోసింది. గ్లాసు చెల్లెలి పెదవుల దగ్గర పెట్టి అంది:

"అల్లాకి తెలీదా అమ్మా నీ దాహం? తాగు."

పిన్ని ఆమె వైపు తిరిగి చూసింది. ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చినట్టుంది. తాగింది.

పెద్దమ్మ మరేం చెప్పలేదు. వరండాలోకి వచ్చాక అడిగాను, "చెప్పలేదేం?"

"ఇప్పుడు చెబితే అది గొప్పలు చెప్పుకోవటం అవుద్దిరా సైదా. నేను ఉన్నది చూసినవాడు చూశాళ్లే. పో, నీ ఖర్జూరం సంగతి దానికి చెప్పు, నవ్వుద్ది."

లోపలికి వెళ్లి చెప్పాను. పిన్ని గుండె పట్టుకుని మరీ నవ్వింది. "మసీదులో పాఠాలు చెప్పేది ఈడేనా!" అంది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపేసింది.

తిరిగొచ్చాక

ఆపరేషన్ బాగానే జరిగింది, అల్‌హందులిల్లాహ్. నాలుగు రోజులుండి రైల్లో వచ్చాం. రైలే కావాలంది పెద్దమ్మ, పొద్దును దారి పొడుగునా చూసుకుంటూ రావచ్చని. తూర్పుకు వస్తున్నాం కాబట్టి ఇఫ్తార్ ముందే వచ్చేసింది. "వెళ్లేటప్పుడు తీసుకున్న సేపు తిరిగిచ్చేశాడు, వడ్డీ లేకుండా" అంది.

ఇంటికొచ్చి మిగతా ఒక్కపొద్దులన్నీ ఉంది. ఒక్కటీ పోలేదు. పిన్నికి ఆమె ఇంతవరకూ చెప్పలేదు. ఇదంతా రాయనా అని అడిగితే, "నేను చెప్పను. నువ్వు రాసుకుంటే నాకేం తెలుసు" అంది. అందుకని రాశాను. ఇది అచ్చయ్యే పర్చూరు పేపరు పిన్ని ముంబైకి తెప్పించుకునే మనిషే.

దూరం అంటే ఏంటో నాకు లెక్కగా తెలిసేది. ఇన్ని కిలోమీటర్లు దాటితే ఇంత సడలింపు. ఆ సడలింపు వెనక ఎవరి దాహమో తెలిసినవాడు ఒకడున్నాడని, ఆయన కొలిచేది దారిని కాదు దారిన పోయేవాణ్ని అని, ఒక గ్లాసు నీళ్ల దగ్గర తెలిసింది. చదువుకోని ముసలామె దాన్ని ముప్పై మూడేళ్ల కిందట చెల్లెలి దగ్గర నేర్చుకుని, మళ్లీ చెల్లెలికే అప్పజెప్పింది.

పండగ వెళ్లిన వారానికి నా ఒక్కపొద్దు తీర్చుకున్నాను. ఆ సాయంత్రం కార్డు తీయలేదు. డాబా ఎక్కి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం వెనక పొద్దు పూర్తిగా దిగేదాకా, ఆ తర్వాత కొబ్బరి మట్టల చివర ఎరుపు కూడా పోయేదాకా నిలబడ్డాను. కింద పెద్దమ్మ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

ఇది చదివినవాళ్లు, మీది ఏ ఊరైనా, మీ ఊరి పొద్దు మునిగే వేళ ఒక్కసారి మాతో పాటు చేతులు ఎత్తండి. యా అల్లాహ్, హుస్సేనమ్మ గుండెకు బలమివ్వు. మస్తానమ్మ పద్నాలుగో నాటి ఆ ఇరవై నాలుగు నిమిషాలు స్వీకరించు. చేలల్లో ఈ పూట దాహంతో కాయ కోస్తున్న వాళ్ల దగ్గరికి ఎవరో ఒకరిని చెంబుతో పంపించు. లెక్కలు తెలిసిన మాకు ముందు కిటికీలోంచి చూడటం నేర్పు. ఆమీన్ అనండి.